ఇంటి ముందర జాగ

మన ఇంటి ముందర కొంత జాగ ఉంటుంది. కొందరికి నాలుగు అడుగులు ఉంటుంది. కొందరికి నలభై అడుగులు ఉంటుంది. పుస్తకం చేతిలో పట్టుకొని ఒకసారి బయటికి రండి. మీ జాగలో ఏమున్నదో చూడండి.

ఒక మూలకు ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కంకర ఉంటుంది. గోడ పక్కన జాలాడు నీళ్లు నిలిచి ఉంటాయి. ఆ నీళ్ల మీద దోమలు. ఇంకో మూలకు పాత టైరు, పగిలిన కుండ. మధ్యలో ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు పెట్టిన చోటు ఉంటుంది. మనం రోజూ చూసుకునేది ఆ ఒక్క చోటునే. మిగతా జాగ ఎవరిదో అన్నట్టు పడి ఉంటుంది.

ఆ మిగతా జాగ గురించే ఈ పాఠం. ఇంతవరకు ఒక్క మొక్క కూడా పెట్టని అక్కల కోసం ఇది.

గచ్చు చేయిద్దామా?

ఎల్లారెడ్డిపేట సిరిసిల్ల నుంచి కామారెడ్డి పోయే తొవ్వలో ఉంటుంది. అక్కడ ఒక ఇల్లు ఉన్నదనుకుందాం. ఆ ఇంట్లో అత్త, కోడలు ఉన్నారు. ఇద్దరూ బీడీలు చేస్తారు. ఇంటి దర్వాజ పడమర దిక్కుకు ఉంది. ముందర జాగ గోడ నుంచి గేటు దాకా 20 అడుగులు, అడ్డం 30 అడుగులు.

వానాకాలం వస్తే ఆ జాగంతా బురద. కోడలుకు విసుగు పుట్టింది.

"అత్తమ్మా, ఈసారి సంఘంల లోను తీసుకొని ముందరంత గచ్చు చేయిద్దాం. బురద పోతది. ఊడ్చుడు అల్కగైతది."

అత్త బీడీల చాట పక్కన పెట్టింది.

"ఎండకాలం గచ్చు మీద కాలు పెట్టొస్తదా బిడ్డా? బీడీలు యాడ కూసోని చేస్తం? నా పెండ్లైన కొత్తల గా మూలకు యాప చెట్టుండె. ఇల్లు కట్టేటప్పుడు కొట్టేసిర్రు. అప్పటిసంది నీడ లేదు."

"మరి బురద ఎట్ల పోతది?"

"గదే సోంచాయించాలె."

ఇద్దరి మాటా నిజమే. బురద నిజం. ఎండ కూడా నిజం. మన దిక్కు ఎండకాలంలో వేడి 45 డిగ్రీల దాకా పోతుంది. గచ్చు పగలంతా ఆ వేడిని తాగుతుంది. రాత్రి దాన్ని ఇంట్లోకి వదులుతుంది. పొద్దంతా కూర్చొని బీడీలు చేసే ఆడవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. కట్ట మీద కట్ట చుట్టాలంటే కూర్చునే చోటు చల్లగా ఉండాలి.

గచ్చుతో ఇంకొక నష్టం కూడా ఉంది. దాని మీద పడ్డ వాన భూమిలోకి దిగదు. గల్లీలోకి ఉరుకుతుంది. పక్కింటి వాళ్ల ముందర నిలుస్తుంది. అప్పుడు వాళ్లతో పంచాయితీ.

ఒక లెక్క చేద్దాం. పలక గానీ నోటుబుక్కు గానీ తీయండి.

ఇంటి కప్పు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు.
30 × 20 = 600 చదరపు అడుగులు. ఇది సుమారు 56 చదరపు మీటర్లు.
ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు వస్తాయి.
ఒక మోస్తరు వాన 10 మిల్లీమీటర్లు అనుకోండి.
56 × 10 = 560 లీటర్లు.

మన బిందెలో 15 లీటర్లు పడతాయనుకుంటే ఇవి 37 బిందెలు. ఒక్క వానకు, ఒక్క కప్పు మీదనే 37 బిందెలు! బోరింగు కాడ 37 బిందెలు కొట్టి చూడండి, ఎంత నీళ్లో రెక్కలకు తెలుస్తుంది. ఇన్ని నీళ్లు మన గోడ పక్కనే పడితే బురద కాక ఏమవుతుంది?

బురదకు మందు నీళ్లకు తొవ్వ చూపడమే. గోడ దగ్గర మట్టి ఎత్తుగా ఉండాలి. గేటు దిక్కు కొంచెం వంపు ఉండాలి. కప్పు మీది నీళ్లు ఒక పైపుతో దించి ఇంకుడు గుంతలోకి పంపాలి. గుంత నాలుగు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల లోతు తవ్వాలి. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన దొడ్డు ఇసుక పోయాలి. ఇంటి మూలకు ఒక మూల పడి ఉన్న కంకర ఇక్కడ పనికివస్తుంది. గోడకు ఆరేడు అడుగుల దూరంలో తవ్వండి. గోడ పక్కనే తవ్వితే పునాది చెడిపోతుంది.

నడిచే తొవ్వ మాత్రం గట్టిగా ఉండాలి. దాని కోసం జాగంతా గచ్చు చేయనక్కర లేదు. నాలుగు అడుగుల వెడల్పున మొరం పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి, దాని మీద షాబాదు బండలు పరిస్తే చాలు. బండకు బండకు నడుమ రెండు వేళ్ల సందు వదలండి. వాన నీళ్లు ఆ సందులోంచి దిగుతాయి. కోడలు కాలుకు బురద అంటదు. లోను కూడా తక్కువ పడుతుంది.

ముగ్గుపిండితో గీద్దాం

పట్నంలో పెద్ద పెద్ద ఇండ్లకు ముందర తోట వేయాలంటే నక్ష గీయిస్తారు. దానికి పైసలు కడతారు. మనకు ఆ అవసరం లేదు. చుక్కలు పెట్టి గీత గీసే చెయ్యి మనది. పార పట్టకముందే నేల మీద ముగ్గుపిండితో గీయండి. నచ్చకపోతే ఊడ్చేసి మళ్లీ గీయవచ్చు. నాటిన చెట్టును అట్లా ఊడ్చేయలేం.

ముందుగా ఎండ చూడండి. పొద్దున, పగటీలి, పొద్దుగూకే ముందు మూడుసార్లు బయటికి వచ్చి నీడ ఎక్కడ పడ్డదో అక్కడ ఒక రాయి పెట్టండి. తూర్పు దర్వాజ ఉన్న ఇంటికి మధ్యాహ్నం దాటితే ఇంటి నీడే ముందర పడుతుంది. పడమటి దర్వాజ ఉన్న ఇంటికి అప్పుడే ఎండ దంచి కొడుతుంది. పూల మొక్కలకు, కూరగాయలకు రోజుకు ఐదారు గంటల ఎండ కావాలి. మనుషులకు నీడ కావాలి. ఎవరికి ఏది కావాలో చూసి జాగ పంచాలి.

మన అత్త, కోడలు ఇట్లా గీశారనుకుందాం. గేటు నుంచి దర్వాజ దాకా నాలుగు అడుగుల తొవ్వ. దర్వాజ ముందర ఎనిమిది అడుగులు ఖాళీ. అక్కడ సాన్పి చల్లాలి, ముగ్గు వేయాలి, మిరపకాయలు ఆరబోయాలి. ఆ జాగ వదలడానికి అత్త ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే మంచిది. తోట పేరు మీద ఇంటి పని ఆగిపోతే ఆ తోట ఆరు నెలలు కూడా ఉండదు. తొవ్వకు ఎడమ దిక్కు, అంటే దక్షిణం పక్క, గేటు దగ్గరి మూలకు చెట్టు. అక్కడ ఉంటే మధ్యాహ్నం ఎండను అది ఆపుతుంది. కుడి దిక్కు పూలు, ఆకుకూరలు. గోడ వెంట కంచె. బండి నిలిపే చోటు కొడుకు అడిగాడు. దాన్ని గేటు పక్కన ఇచ్చారు.

ఇంత గీశాక తల పైకెత్తి కూడా చూడాలి. పైన కరెంటు తీగ పోతున్నదా? తీగ కింద ఎత్తు చెట్టు పెట్టవద్దు. నాలుగేండ్లకు కరెంటు వాళ్లు వచ్చి కొట్టేస్తారు.

మట్టి

ఇంటి ముందర మట్టి పొలం మట్టి లెక్క ఉండదు. తొక్కి తొక్కి గట్టిపడి ఉంటుంది. సిమెంటు, సున్నం, ఇటుక ముక్కలు కలిసి ఉంటాయి. చాలామంది ఒక గడ్డపార పోటు పొడిచి, మొక్క గుచ్చి, నీళ్లు పోస్తారు. మొక్క బతకదు. "నా చెయ్యి మంచిది కాదు" అంటారు. చెయ్యి మంచిదే. గుంత చాలలేదు.

చెట్టుకు రెండు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, రెండు అడుగుల లోతు గుంత తవ్వండి. పై మట్టి ఒక దిక్కు పోయండి. కింది మట్టి ఇంకో దిక్కు పోయండి. రాళ్లు ఏరేయండి. గుంత నిండ నీళ్లు పోసి పొద్దున చూడండి. నీళ్లు దిగిపోతే మంచిది. ఇంకా నిలిచి ఉంటే ఇంకా లోతుకు తవ్వి కింద కంకర వేయాలి.

తరువాత పై మట్టిలో రెండు తట్టల పశువుల పెంట కలిపి గుంత నింపండి. పెంట బాగా మాగి ఉండాలి. నల్లగా, పొడిపొడిగా, వాసన లేకుండా ఉండాలి. పచ్చి పెండ వేస్తే వేడికి వేర్లు మాడిపోతాయి. మన దిక్కు ఎక్కువ ఎర్ర చెలక. నీళ్లు తొందరగా దిగిపోతాయి. అందులో ఒక తట్ట చెరువు మట్టి కలిపితే తడి ఆగుతుంది. 2015లో మిషన్ కాకతీయ పని మొదలైనప్పుడు రైతులు చెరువు పూడిక మట్టిని ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నది ఇందుకే.

బీడీలు చేసే ఇంట్లో ఒక ఎరువు ఊరికే దొరుకుతుంది. తునికాకు కత్తిరించినప్పుడు కింద పడే ముక్కలు. వాటిని కాల్చవద్దు. చెట్టు మొదలు చుట్టూ నాలుగు వేళ్ల మందాన పరవండి. ఎండకు మట్టి ఆరదు. మెల్లగా కుళ్లి ఎరువు అవుతాయి. మొదలుకు అంటకుండా జానెడు దూరం వదలండి. తంబాకు పొడి మాత్రం వాటిలో కలవకూడదు. అది ఎందుకో కింద చదువుదాం.

తంబాకు చెయ్యి

తంబాకు, టమాట, మిరప, వంకాయ ఇవన్నీ ఒక్క కుటుంబం మొక్కలు. అక్కాచెల్లెండ్లు అనుకోండి. ఒకరి రోగం ఇంకొకరికి అంటుతుంది. తంబాకుకు వచ్చే ఒక వైరస్ తెగులు ఉంది. ఆ వైరస్ ఎండిన తంబాకులో కూడా ఏండ్ల తరబడి బతికి ఉంటుంది. బీడీలు చేసిన చేతులతో అట్లనే పోయి టమాట నారు, మిరప నారు ముట్టుకుంటే అది మొక్కకు అంటవచ్చు. ఆకుల మీద లేత పసుపు, ముదురు ఆకుపచ్చ మచ్చలు వస్తాయి. ఆకులు ముడుచుకుంటాయి. కాయ సరిగా రాదు. ఈ తెగులు పట్టిన మొక్కకు మందు లేదు. పీకి పారేయాలి.

కాబట్టి నారు ముట్టే ముందు సబ్బుతో చేతులు మంచిగ కడుక్కోండి. అసలు పొద్దున లేవగానే మొక్కల పని చేసి, తరువాత చాట ముందు కూర్చోవడం ఇంకా మంచిది.

కొందరు తంబాకు నానబెట్టిన నీళ్లు పురుగులకు చల్లుతారు. పురుగులు చస్తాయి, నిజమే. ఆ నీళ్లు మనుషులకు కూడా విషమే. చర్మం మీద పడినా లోపలికి పోతుంది. వండుకునే ఆకుకూర మీద ఎన్నడూ చల్లవద్దు. పేనుబంక పడితే నీళ్లు గట్టిగా కొట్టి కడగండి. తగ్గకపోతే వేపనూనె కొంచెం సబ్బు నీళ్లలో కలిపి, పొద్దుగూకినాక చల్లండి.

ఏ మొక్కలు పెట్టాలి?

మొదటి ఏడు ఐదారు రకాలు చాలు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఆశ ఎక్కువ. అంగడిలో కనబడిన ప్రతి మొక్క తెచ్చి జానెడు దూరంలో పెడతారు. ఏడాదికి అన్నీ ఒకదాని మీద ఒకటి పడి, ఏదీ కాయదు. మొక్కను కొనేటప్పుడు అది ఇప్పుడు ఎంత ఉన్నదో కాదు, ఐదేండ్లకు ఎంతవుతుందో అడగండి.

నీడకు ఒక్క పెద్ద చెట్టు. ఇంత జాగకు ఒక్కటే. అత్త వేప అడిగింది. వేప మంచిదే. గోడకు 12 అడుగుల దూరంలో పెట్టాలి. కానుగ కూడా మంచి నీడ ఇస్తుంది. జాగ చిన్నదైతే పెద్ద చెట్టు వద్దు. నిమ్మ, కల్యామాకు, మునగ చాలు. మునగ తొందరగా ఎదుగుతుంది. కానీ కొమ్మలు పెళుసు. పిల్లలను ఎక్కనీయవద్దు. రావి, మర్రి ఇంటి దగ్గర వద్దు. వాటి వేర్లు గోడలోకి పోతాయి.

కోనోకార్పస్ అనే చెట్టు కూడా వద్దు. మన దిక్కు రోడ్ల నడుమ పచ్చగా, గుబురుగా కనబడేది అదే. వేర్లు నీళ్ల పైపుల్లోకి, మోరీల్లోకి పోతాయని, పుప్పొడితో దమ్ము రోగులకు ఇబ్బంది అని చెప్పి గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నిషేధించింది. మన రాష్ట్రంలో కూడా నర్సరీలలో దాన్ని పెంచవద్దని ఆదేశాలు వచ్చాయి. పచ్చగా కనబడేదంతా మంచిది కాదు.

వేప నీడ ఇయ్యడానికి నాలుగైదేండ్లు పడుతుంది. అప్పటిదాకా బీడీలు ఎక్కడ చేయాలి? పందిరి వేయండి. నాలుగు గుంజలు, పైన కట్టెలు. ఎనిమిది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. సంక్రాంతి దాటినాక బీర గానీ సొర గానీ గింజలు పెడితే ఎండలు ముదిరేసరికి పందిరి నిండుతుంది. కింద నీడ, పైన కూర. సిరిసిల్లలో మగ్గాల కాడ వేస్టు నూలు దొరుకుతుంది కదా అని కొందరు దానితోనే తీగలు కడతారు. పాలిస్టర్ దారం సన్నగా ఉండి లేత తీగను కోస్తుంది. పాత చీర చింపి పేలికలతో వదులుగా కట్టండి.

ఇప్పుడు పూలు. బతుకమ్మ పండుగకు ఒక్క బంతిపూలకే ఎంత పెడుతున్నామో ఒకసారి లెక్క వేయండి. పండుగ దగ్గరికి వస్తే ధర ఎక్కుతుంది. గునుగు, తంగేడు ఊరికే దొరికేవి. ఇప్పుడు బీడు భూములు తగ్గి, వాటికి కూడా దూరం పోవాలి. తెలంగాణ వచ్చిన 2014లోనే తంగేడును రాష్ట్ర పువ్వు అన్నారు. కానీ ఊరి పక్కన తంగేడు పొద కనబడడం తగ్గింది. కంచె వెంట నాలుగు తంగేడు గింజలు పెట్టండి. గింజ పెంకు గట్టిది. గోరువెచ్చని నీళ్లలో ఒక రాత్రి నానబెట్టాలి. ఒకసారి నాటుకుంటే నీళ్లు పెద్దగా అడగదు. పశువులు అంతగా మేయవు.

బంతికి కార్తె చూసుకోవాలి. ఆరుద్ర కార్తె జూన్ 22 నాడు వస్తుంది. అప్పుడు ఒక చిన్న మడిలో విత్తనాలు చల్లండి. వారానికి మొలుస్తాయి. మూడు నాలుగు వారాలకు నారు పీకి, మొక్కకు మొక్కకు మూరెడు దూరంలో పెట్టండి. చుక్కల ముగ్గు లెక్క వరుసగా పెడితే కలుపు తీయడానికి అల్కగ ఉంటుంది. నెల దాటినాక మొక్క కొన తుంచండి. మనసొప్పదు. అయినా తుంచండి. కొన తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. ఒక్క పువ్వు కాసే చోట పది కాస్తాయి. బతుకమ్మ నాటికి బుట్టెడు పూలు ఇంట్లోనే ఉంటాయి. బాగా విచ్చిన రెండు పూలు చెట్టు మీదనే ఎండనిచ్చి విత్తనం దాచుకోండి. సీతజడ, కనకాంబరం, మందారం కూడా పెట్టుకోవచ్చు.

గన్నేరు గురించి ఒక మాట. చూడడానికి బాగుంటుంది, మేకలు ముట్టవు అని చాలామంది గేటు పక్కన పెడతారు. ఎర్ర గన్నేరు, పచ్చ గన్నేరు రెండూ విషమే. ఆకు, పువ్వు, గింజ అన్నీ విషమే. పచ్చ గన్నేరు కాయలు పిల్లలు ఆటకు ఏరుకుంటారు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ చెట్టు వద్దు. ఇప్పటికే ఉంటే పిల్లలకు చెప్పి ఉంచండి. ఎవరైనా నోట్లో పెట్టుకుంటే ఇంటి వైద్యం చేయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆకుకూరలకు మూడు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల పొడవు మడి చాలు. రెండు దిక్కుల నుంచి చెయ్యి అందాలి. మడిలోకి కాలు పెట్టకూడదు. తోటకూర, పాలకూర, పుంటికూర, మెంతి. తోటకూర గింజలు సన్నగా ఉంటాయి. ఇసుకలో కలిపి చల్లండి. ముందు సగం మడిలో చల్లండి. పదిహేను రోజులకు మిగతా సగంలో చల్లండి. ఒక సగం కోసేసరికి ఇంకో సగం అందుతుంది. తోటకూర నెల రోజులకు కోతకు వస్తుంది.

ఈ చిన్న మడిని తక్కువగా చూడవద్దు. 2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చేశారు. తెలంగాణలో 15 ఏండ్ల నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో వందకు 57 మందికి పైగా రక్తం తక్కువ ఉన్నదని తేలింది. అంటే ఈ పాఠం చదివే పది మందిలో ఐదారుగురికి. ఆకుకూరలో ఇనుము ఉంటుంది. దించినాక నిమ్మకాయ పిండుకుంటే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అందుకే మడి పక్కన ఒక నిమ్మ చెట్టు ఉండాలి. రక్తం బాగా తక్కువ ఉన్నవాళ్లకు ఆకుకూర ఒక్కటే చాలదు. ఆశా కార్యకర్త ఇచ్చే మాత్రలు కూడా మింగాలి. ఇంకో సంగతి. ఇంట్లో అందరికీ పెట్టి, అడుగున మిగిలింది మనం తింటే ఆ కూర ఎవరి రక్తంలోకి పోయినట్టు?

మేకలు, కోతులు, దోమలు

మొక్క పెట్టడం ఒక రోజు పని. కాపాడడం రోజూ పని.

మేకలకు కంచె కావాలి. తుమ్మకంప మంచిదే కానీ ఏటా వేయాలి. బతికిన కంచె పెట్టుకుంటే మళ్లీ వేయనక్కర లేదు. అడ్డసరం, వావిలి కొమ్మలు వానాకాలంలో గుచ్చితే నాటుకుంటాయి. ఈ రెండింటినీ పశువులు, మేకలు తినవు. నడుమ మైదాకు పెడితే పండుగకు చేతులకు కూడా పనికివస్తుంది.

కోతులకు కంచె లేదు. మన ఊర్లలో అందరికీ తెలిసిన బాధే. జామ, దానిమ్మ, మక్కలు పెడితే మనకు మిగలవు. కోతులు ఎక్కువగా తిరిగే ఊరైతే కల్యామాకు, నిమ్మ, మిరప, పుదీన, కాకర పెట్టుకోండి. వాటిని అవి అంతగా ముట్టవు.

నీళ్లు పొద్దున గానీ సాయంత్రం గానీ పోయాలి. రోజూ చెంబెడు పోస్తే పైననే తడుస్తుంది. వేరు పైకి వస్తుంది. రెండు రోజులకు ఒకసారి బిందెడు పోస్తే లోతుకు దిగుతుంది. మట్టిలో వేలు పెట్టి చూడండి. వేలుకు తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. గిన్నెలు, బియ్యం కడిగిన నీళ్లు చెట్లకు పోయవచ్చు. బట్టలు ఉతికిన సబ్బు నీళ్లు ఆకుకూరకు వద్దు.

ఎండకాలానికి ఒక ఉపాయం ఉంది. పాత మట్టి కుండకు అడుగున సన్న తూటు చేసి, దానిలో గుడ్డ పేలిక వత్తిలాగా దూర్చి, చెట్టు పక్కన మెడ దాకా పాతండి. నీళ్లు నింపండి. చుక్క చుక్కగా వేరుకు అందుతాయి. కుండ మీద మూత తప్పకుండా పెట్టాలి. లేకపోతే అందులో దోమలు పుడతాయి.

దోమ గుడ్డు పెట్టిన వారం పది రోజులకు కొత్త దోమ లేస్తుంది. డెంగీ తెచ్చే దోమ మంచి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, పగటి పూట కుడుతుంది. అందుకే వారానికి ఒకసారి తొట్లు, కుండీల కింది పళ్లాలు, పాత టైర్లు అన్నీ వంపి ఆరబెట్టాలి. ఆరోగ్య శాఖ వాళ్లు శుక్రవారం 'డ్రై డే' అని చెప్పేది ఇదే. తోట ఉంటే దోమలు వస్తాయని కొందరు భయపడతారు. దోమలు ఆకుల వల్ల పుట్టవు, నిలిచిన నీళ్ల వల్ల పుడతాయి.

మొక్కలు ఎక్కడ దొరుకుతాయి?

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీ ఒక నర్సరీ పెట్టాలి. నాటిన మొక్కల్లో వందకు 85 బతికించే బాధ్యత కూడా ఆ చట్టం పంచాయతీ మీద పెట్టింది. 2015లో మొదలైన హరితహారంలో ఇంటికి ఆరు మొక్కలు ఇచ్చే పద్ధతి వచ్చింది. 2024 నుంచి ఈ పనిని వన మహోత్సవం పేరుతో చేస్తున్నారు.

చాలాసార్లు ఏమవుతుంది? మొక్కల బండి వస్తుంది. ఏది చేతికిస్తే అది తీసుకుంటాం. గుంత ఉండదు. మొక్క గోడ పక్కన సంచిలోనే ఎండిపోతుంది. అట్లా కాకుండా మనకు ఏ మొక్క కావాలో ముందే రాసి ఇవ్వాలి. రాయడం ఇప్పుడు మనకు వచ్చు కదా. సాగులో అనుమానాలు ఉంటే జగిత్యాల దగ్గర పొలాసలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పరిశోధన స్థానం ఉంది. అటు పోయినప్పుడు అడగవచ్చు.

దరఖాస్తు ఇట్లా రాయండి. గీతలున్న చోట మీ వివరాలు నింపండి. మొక్కల పేర్లు మీకు కావలసినవి రాసుకోండి.

ఎల్లారెడ్డిపేట,
తేదీ: ____________

గ్రామ పంచాయతీ కార్యదర్శి గారికి,

నమస్కారం. నా పేరు ____________. మా ఇంటి నంబరు ____________. మా ఇంటి ముందర మొక్కలు పెట్టుకోవడానికి గుంతలు తవ్వి, ఎరువు వేసి ఉంచాను. పంచాయతీ నర్సరీ నుంచి నాకు ఈ మొక్కలు ఇప్పించగలరు.

వేప 1
నిమ్మ 1
కల్యామాకు 1
మునగ 1
మందారం 2

మొక్కలు ఏ రోజు ఇస్తారో తెలియజేయగలరు.

ఇట్లు,
(సంతకం)

దీన్ని రెండు కాగితాల మీద రాయండి. ఒకటి ఆఫీసులో ఇవ్వండి. రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకొని ఇంటికి తెచ్చుకోండి. మృగశిర కార్తె రాకముందే, అంటే మే నెలలోనే ఇవ్వండి. వానలు పడ్డాక ఇస్తే మంచి మొక్కలు అప్పటికే పోయి ఉంటాయి.